ఎంత రాశారు

రాత్రి పదకొండు. గుంటూరు పెద్దాసుపత్రి,
మగవాళ్ల సర్జరీ వార్డు, కిటికీ పక్క మంచం.
కట్టు విప్పాను. కాలి బొటనవేలు
ఎండిన మిరపకాయలా నల్లగా ముడుచుకుని ఉంది.
కేస్ షీటు మీద పేరు చదివాను: పానకాలరావు.
మళ్లీ చదివాను.

నా తొమ్మిదో ఏట మిర్చి యార్డులో
ఈయన కాటా దగ్గర నాన్న పంచె పట్టుకుని నిలబడ్డాను.
ఘాటుకి అందరూ తుమ్ముతున్నారు, ఈయన తప్ప.
టిక్కీలోంచి గుప్పెడు తీసి చూసి
"తాలు ఎక్కువుంది జక్రయ్యా" అంటూ
ఖాళీ నోటూ, ఊదారంగు ఇంకు డబ్బా ముందుకి తోశాడు.
"ఎంత రాశారయ్యా అందులో?"
"రాస్తాంలే. నువ్వు ముందు వెయ్యి."
కాటా కింద ఆడవాళ్లు రాలిన కాయలు ఏరుకుంటున్నారు.
వాళ్లలో మా అమ్మ.

ఆ ఆదివారం గుడిలో రొట్టె అందుకున్నప్పుడు
నాన్న వేలికి ఆ రంగు ఇంకా ఉంది.

నాన్నకి చదువు రాదు.
రాత్రుళ్లు నాకొచ్చినంత నేను చదివేదాన్ని.
న్యాయాధిపతులు, మొదటి అధ్యాయం.
పారిపోతున్న అదోనీబెజెకును తరిమి పట్టుకుని
చేతులవీ కాళ్లవీ బొటనవేళ్లు కోసేశారు.
ఏడవలేదతను. సాక్షులు కావాలనలేదు.
డెబ్బై మంది రాజులకి తానూ ఇదే చేశానన్నాడు,
తన బల్ల కింద వాళ్లు ముక్కలు ఏరుకునేవారన్నాడు,
దేవుడు బాకీ ఉంచుకోలేదన్నాడు.
తన తీర్పు తనే చదువుకున్నాడు.

నాన్న బీడీ ఆర్పి చాలాసేపు ఊరుకున్నాడు.
"డెబ్బై అని లెక్కపెట్టిందెవరే? కోసినవాడే.
చూడు, మర్చిపోలేదు వాడు."
ఇంకాసేపటికి, చీకట్లోంచి:
"ఇప్పుడు కొయ్యక్కర్లేదులే.
వేయించుకుంటే చాలు."

పొద్దున్నే ఆపరేషను. ఒప్పుకోలు కాగితం కావాలి.
కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయింది, సంతకం రాదు.
వెంట వచ్చిన గుమాస్తా టీకని వెళ్లి తిరిగి రాలేదు.
నేనే ఆయన బొటనవేలు పట్టుకున్నాను.
మెత్తగా ఉంది.
ముప్పై ఏళ్లుగా అది రాయిలా ఉంటుందనుకున్నాను.
ఇంకులో అద్ది కాగితం మీదికి తెస్తుంటే
వంకర తిరిగిన నోటితో అడిగాడు:
"ఎంత... రాశారమ్మా... అందులో?"

నన్ను గుర్తుపట్టాడా? లేదనుకుంటాను.
జక్రయ్య కూతురు ఆయన లెక్కల్లో ఎక్కడుంటుంది!
కాగితం వైపు చూశాను.
'ఎంతవరకు తీసివేయుట' అన్నచోట చుక్కలు, ఖాళీ.
పొద్దున చూసి రాస్తానన్నారు డాక్టరుగారు, ఎప్పుడూ అంతే.
వేలు వరకా, మడమ వరకా, మోకాలి వరకా.

ఆ రాజు వేళ్లు కోసినవాళ్ల పేర్లు
అధ్యాయంలో లేవు.
కత్తి తుడుచుకుని ఎక్కడికెళ్లారో లేదు.
యెరూషలేముకు తీసుకెళ్లాక, చచ్చిపోయేదాకా
అన్నం ఎవరు కలిపి పెట్టారో, అదీ లేదు.

"ఇంకా రాయలేదండీ" అన్నాను.
ఆయన కళ్లు మూసుకున్నాడు.
నా వేళ్ల మధ్య ఆయన వేలు, ఇంకు ఆరిపోతూ.

కాగితం తీసుకుని రెండంతస్తులు ఎక్కాను.
జాలి కాదు. ఏమిటో నాకూ తెలీదు.
డ్యూటీ డాక్టరు గది తలుపు కొట్టాను.
తెల్లరంగు చెక్క మీద ఊదా మరక పడింది.
లోపల లైటు వెలగలేదు.
మళ్లీ కొట్టాను.