దేశం పట్టిపోయినవాళ్లు

బ్రాడీపేట నాలుగో లైన్లో మా ఫ్లెక్సీల కొట్టు.
ఆగస్టు పదమూడు రాత్రి కరెంటు పోయింది.
మిషన్లో దిగుతున్న జెండా
కాషాయం దగ్గరే ఆగింది.
సెల్లు లైటేసుకుని
అటక మీది రేకుపెట్టె దించాను,
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

అందులో మావాళ్లున్నారు:
ఆముదప్పొగ వాసనేసే తోళ్లు,
వెదురుబద్దలకు కుట్టిన దేవుళ్లు.

అడుగున ఉన్నవాడు రాముడంట.
నేనైతే గుర్తుపట్టలేను.
తుక్కోజి తాత చేశాడు, మా తాతకు తాతకు ఇంకెవరో,
నందన కరువునాడు.
ఆ ఏడు గుంటూరు సీమలో తోలుకు కొదవ లేదు.
మేకలు ముందు పోయాయి, తర్వాత కాపరులు.
రాముడికి జింకతోలే వాడాలని కట్టడి,
జింకలెక్కడివి?
మేకతోలే గీకి, నానేసి, ఆరేసి
రొమ్ము మీద హారం కొట్టాల్సిన చోట
ఉలి పెట్టి ఒక్కో డొక్కా కోశాడు.

తుమ్మముళ్లతో బిగించిన తెర మీద
ఎముకల సందుల్లోంచి వెలుగు కారింది.
ఎవరూ దణ్ణం పెట్టలేదంట.
చివర్న కూచున్న ముసల్ది మాత్రం
"మనోడే" అన్నదంట.

అప్పటికి దేశం అంటే జై కొట్టేది కాదు.
దేశం అంటే పట్టిపోయేది.
పొయ్యి ఆరిన ఇంటిని చూపించి
దేశం పట్టిపోయారు అనేవాళ్లు.
మద్రాసు బాటన నడిచిపోయి తిరిగిరానివాళ్లలో
మా ఇంటిపేరువాళ్లు పదకొండుమంది.

రెండోవాడు రావణుడు.
తుక్కోజి మనవడు బాళోజి
నడిమి తలకు కిరీటం పీకి టోపీ పెట్టాడు,
కలెక్టరు దొర పెట్టుకునే గుండ్రటి టోపీ.
సంగడిగుంటలో ఆట. ఒకటే ఈలలు.
తెల్లారేసరికి అమీను పిలిపించాడు.
"ఈ టోపీ ఎవరిదిరా?"
"రావణాసురుడిదండి."
"లంకలో టోపీలున్నాయా?"
"అక్కడ ఎండలు మెండండి."
బెత్తం దెబ్బలు ఎన్నో
చెప్పేవాళ్లను బట్టి మారతాయి, ఆరు, పన్నెండు,
మా బాబాయైతే ఇరవై నాలుగంటాడు.
టోపీ మాత్రం తీయలేదు. అంచు చిరిగితే
దారంతో కుట్టాడు, కుట్టు ఇదిగో.

మూడోది ఆడబొమ్మ. పేరు తెలీదు.
అప్పటికి రైలొచ్చింది,
రైల్లో రేకుడబ్బాల రంగులొచ్చాయి,
గోడలకంటించే అచ్చుబొమ్మల దేవతలొచ్చారు.
అంతవరకు మా బొమ్మలన్నీ పక్కకే చూసేవి,
ఒకటే కన్ను, చేపంత.
బాళోజి కొడుకు యశవంతు
ఈమె చెంప ఇటు తిప్పాడు.
రెండో కన్ను పెట్టాడు.
గులాబిరంగు చీర, చేతిలో జొన్నకంకి,
వెనకాల నీలంగా ఏదో ఏరు, కృష్ణే అయ్యుంటుంది.
అచ్చుబొమ్మ కిందుండే కంపెనీ ముద్ర కూడా
దించాడు పాపం, తలకిందులుగా.

ఎదురుతిరిగిన ముఖమిది అని నేను మొదలుపెడితే
"నీ మొహం, చూసి కాపీ కొట్టాడు" అంది మా అత్త.
కావచ్చు.
కానీ ఆ ఏడే ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు
సభ పెట్టి దేశం అన్నారంట,
పట్టిపోవడానికి కాకుండా
నిలబడడానికి.
యశవంతు వెనక వరసలో కూచుని విన్నాడో,
తనకేం పట్టనట్టు బయట తెర కట్టుకుంటున్నాడో.
తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

కరెంటొచ్చింది. మిషను గుర్రుమని
తెలుపు దించడం మొదలుపెట్టింది.
వార్డు నాయకుడి మనిషి ఫోను:
"అక్కా, భారతమాతను కాస్త బొద్దుగా పెట్టండి,
అన్న ఫొటో పక్కన మరీ సన్నగా కనపడుతోంది."
చదరపడుగు పన్నెండు రూపాయలు.
సరేనన్నాను. బుగ్గలు పెంచాను.

సెల్లు లైటు ఆపడం మరిచిపోయాను.
సగం దించిన షట్టరు మీద
మేకతోలు రాముడి డొక్కలు, తలుపంత.
గ్లాసులు తీసుకెళ్లడానికొచ్చిన టీకొట్టు కుర్రాడు
వేలితో లెక్కపెడుతున్నాడు
ఒకటి, రెండు, మూడు...
తప్పిపోయి మళ్లీ మొదట్నుంచి.