తొంభై వంతులు

బొమ్మకి కాళ్లు లేవు. నడుం దాకానే.
ఎనిమిదేళ్లుగా స్పిరిట్ దూదితో తుడిచీ తుడిచీ
పెదాల రంగు వెలిసిపోయింది.
గుణుపురం ఆస్పత్రి నుంచి ఆటోలో
ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాను.
"ఎవరికమ్మా బాగోలేదు?" అన్నాడు ఆటో అబ్బాయి.
ఇంకా ఎవరికీ కాదు, అన్నాను.

ట్రైనింగ్ స్కూలు హాల్లో ముప్పై నలుగురు,
వచ్చే ఏడాదికి మాస్టర్లూ టీచరమ్మలూ.
అట్టముక్కలతో వాళ్లే చేసిన ఒడియా అంకెలు
దారానికి వేలాడి ఫ్యాను గాలికి తిరుగుతున్నాయి.
పాఠ్య పథకం రాయమంటే నాలుగు రంగుల్లో రాస్తారు.
ఒకటో తరగతి పిల్లాడి గొంతులో పల్లీ గింజ ఇరుక్కుంటే
ఏ రంగులో రాయాలో ఎవరూ చెప్పలేదు.

మోకాళ్ల మీద కూర్చోండి. మోచేయి వంగకూడదు.
అరచేతి మడమ రొమ్ము నడిమి ఎముక మీద.
రెండంగుళాలు లోపలికి. వదిలేయండి.
పైకి లేవనివ్వండి, లేకపోతే నెత్తురెలా నిండుతుంది?
ప్రశ్న వేశాక పిల్లాడి నోటివైపు చూస్తూ
ఒక్క క్షణం ఆగుతారే, ఆ సందు.
ముప్పై నొక్కులు, రెండు ఊపిర్లు.

ఊపిరి దగ్గర మగపిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు.
కొరాడ హైమ కొంగు బిగించి కూర్చుంది.
తెలుగు లెక్క పది దాకా పరుగెత్తి
ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిది దగ్గర
నాలికతోపాటు చెయ్యీ తడబడింది.
మన అంకెలకి తోక పొడుగమ్మా,
పదేసి మూడుసార్లు పెట్టుకో, అన్నాను.
ప్రదీప్త బెహరా ఒడియాలో గుక్క తిప్పుకోకుండా లాగేశాడు.
సుసంతి గమాంగో సవర భాషలో ఎత్తుకుంది.
వాళ్లకి పన్నెండు దాకా విడివిడి పేర్లు,
పదమూడంటే పన్నెండూ ఒకటీ.
హాలంతా నవ్వింది. బొమ్మ నవ్వలేదు.
లోతు అందితే టిక్కుమంటుంది, అంతే.
ముప్పైకి ముప్పై టిక్కులూ సుసంతివే.

"ఎంతసేపు నొక్కాల, సిస్టర్?"
చెయ్యి తియ్యకుండానే అడిగింది.
ఎవరైనా వచ్చేదాకా.
"ఎవరు?"
నూట ఎనిమిది బండి.
"గెడ్డ కాడే ఆగిపోద్ది. ఆడిదాకా మంచం మీద మొయ్యాల.
మూడు గంటలు."

ఇరవయ్యారేళ్ల ఉద్యోగం నాది.
మూడు గంటలు నొక్కిన గుండె సంగతి
నాకు తెలుసు. నేనేమీ అనలేదు.

తనే లేచి బోర్డు దగ్గరికి నడిచింది.
నిన్నటి గుణింతం కింద ఖాళీ చూసుకుని
నూట ఎనభై నిమిషాలు.
రెండు నిమిషాలకి చేతులు మారాలన్నారు కదా,
తొంభై వంతులు.
"మా ఊరు నలభై రెండు గడపలు. గడపకి ఇద్దరు."
ఎనభై నాలుగు. గీత గీసింది.
ఆరు మిగిలింది.

సుద్ద చేతుల్ని చీరకి తుడుచుకోబోయి
ఆగి, ఆరు పక్కన తన పేరు రాసింది.

అప్పుడు చెప్పక తప్పలేదు.
అందరూ బతకరు సుసంతీ.
చాలామంది బతకరు.
"బడికొచ్చినోళ్లందరూ పాసవరు కదా సిస్టర్,
అయినా తలుపు తియ్యాల గదా."

నౌపడ బండి కూసినప్పుడు హాలు ఖాళీ అయింది.
తనొక్కతే చాప చుడుతూ నిలబడింది.
దసరా సెలవుల్లో బొమ్మని ఊరికి తీసుకెళ్తానంది.
స్టోరు రిజిస్టరులో సంతకం పెట్టించాను.
తిరిగి ఇచ్చే తేదీ గడిలో ఏదో రాసి
కొట్టేశాను.

మంచాలు దిగివచ్చే దారినే
ఎదురెక్కాలి బొమ్మ.
కాళ్లు లేవు కాబట్టి
కావిడికి బరువుండదు.