గూడెప్పాడ్ దాంక

నాలుగింటికి మొదలు కావాల్సిన ఫైనల్
ముఖ్య అతిథి కోసం ఆరింటిదాంక ఆగింది.
కొబ్బరికాయ అయింది, శాలువాలు అయినయి,
మైకు సరిచేసిన పిలగానికి కూడా
ఓ శాలువా అయింది.
నేను బంతిని చూడలే,
చేతిగడియారం చూసిన.

భూపాలపల్లికి ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు.

కార్లల్ల వచ్చినోళ్లు ఆటను ఆటలెక్క చూస్తరు.
మా ఊర్లోళ్లకు ప్రతి మ్యాచూ
డెబ్బై ఐదో నిమిషానికే అయిపోతది.
తర్వాతి సంగతి
పొద్దున పేపర్ల చదువుకుంటం.

ఇయ్యాల మాత్రం
తొంభై నిమిషాలకూ సున్నా సున్నా.
ఎక్స్‌ట్రా టైమ్ అని ఈల పడంగనే
మా దిక్కు మెట్ల మీద సగంమంది లేచిన్రు.
లేచి, పోలేక, మళ్ల కూసోలేక,
ఒక కాలు మెట్టు మీద
ఒక కాలు బస్టాండు దిక్కు.
ఓదెలు అన్నడు:
"పోతే ఆట పోతది, ఉంటే బస్సు పోతది."
ఎవ్వలూ నవ్వలే.
ఎవ్వలూ పోలే.

ఐదో పెనాల్టీ మొగిలి కొట్టిండు.
మా ఆరో గని మొగిలి.
బంతి గోలు మీదికెళ్లి, లైట్ల మీదికెళ్లి
హన్మకొండ చీకట్లకు పోయింది.
దొరికిందో లేదో ఇప్పటికీ తెల్వది.

ఉరికినం.
బస్సు నిలబడ్డ జాగల
నూనె మరక ఇంకా తడిగనే ఉన్నది.
విచారణ కిటికీల ఆయన తల ఎత్తకుండ
"పొద్దున నాలుగున్నరకు" అన్నడు.
సారమ్మ ఆధార్ కార్డు చేతుల పట్టుకొని అడిగింది:
"ఆడోళ్లకు టికెట్టు లేదన్నరు గద బిడ్డా,
మరి బస్సు కూడా లేదా?"
ఆమె మనుమడు ఇయ్యాల ఆడనేలేదు.
మూడు గంటలు బెంచీ మీద కూసున్నడు,
ఆమె మూడు గంటలూ బెంచీనే చూసింది.
వాడు జట్టు జీపుల పోయిండు.
జీపుల ముసలిదానికి జాగ లేదన్నరు.

మొగిలికి జాగ ఉండె. వాడు ఎక్కలే.
బూట్లు మెడల ఏసుకొని
మా ఎనుక, నాలుగు అడుగుల దూరంల
నడుసుకుంట వచ్చిండు.

ఆటోవాలా పరకాల అన్నంకనే నవ్విండు.
పదకొండు మందిమి జేబులు దులిపితే
ఆరు వందల నలభై రూపాయలు,
సగం పొట్లం పల్లీలు.
ములుగు రోడ్డు మీద చెయ్యి ఎత్తి ఎత్తి
భుజాలు గుంజినయి.

ఎనుమాముల యార్డుల మిర్చి దించి
ఖాళీ బస్తాలతోని పోతున్న డీసీఎం ఒకటి ఆగింది.
డ్రైవరు యాకూబ్ పాషా తల బయటపెట్టి
"గెలిచిన్రా?" అన్నడు.
మేం ఏం చెప్పలే.
"సరే, గూడెప్పాడ్ దాంక అయితే ఎక్కుండ్రి.
ఆడికెళ్లి నేను ములుగుకు మర్రుత."

లోపల బస్తాలు, బస్తాలల్ల ఘాటు.
ముందు ఓదెలు తుమ్మిండు, ఎనుక అందరం.
ఎవ్వలమూ మొగిలి దిక్కు చూడలే.
మెట్ల మీదికెళ్లి వాన్ని నేను ఏం తిట్టిన్నో
నాకు ఎరికే.
వానికి వినవడ్డదో లేదో
అడిగే మొఖం లేదు.
పొద్దున ఏడింటికి మస్టరు,
వానిదీ నాదీ ఒకటే షిఫ్టు.

ఆరేపల్లి దాటినంక
ఎదురుంగ వచ్చిన లారీ లైటు పడితే చూసిన:
వాని కండ్లు కారుతున్నయి.
నాయి కూడా.
ఘాటుకు అని అనుకునుడు సులువే,
అందరం అట్లనే అనుకున్నం.
వాడు చెయ్యి ఎత్తంగనే సారమ్మ పట్టుకున్నది:
"చేతులతోని రుద్దకు కొడుకా,
ఇంకింత మండుతది.
కారనియ్యి."

గూడెప్పాడ్‌ల దిగినం.
యాకూబ్ పాషా పైసలు ముట్టలే,
పల్లీలు తీసుకున్నడు.
ఎర్ర లైటు ములుగు దిక్కు మలిగి సన్నగైంది.
ఇంకా నలభై కిలోమీటర్ల పైమాట.

అప్పుడు మొగిలి
మెడల బూట్లు తీసి నా చేతికిచ్చి,
రోడ్డు నడుమకు పోయి
రెండు చేతులు బార్ల చాపి నిలబడ్డడు.

మొదటి టిప్పరు ఆగలే.
రెండోది ఆగలే.
మూడోదాని లైట్లు మలుపుల కనవడంగనే
సారమ్మ మోకాళ్లు పట్టుకొని లేచి,
పోయి, వాని పక్కన నిలబడ్డది,
ఆధార్ కార్డు చేతులనే ఉన్నది.