ఆఖరి మూడు చీటీలు

తోమ్స్క్‌లో జనవరి. బయట మైనస్ ముప్పై నాలుగు.
రెండో అంతస్తు నడవాలో వేడినీళ్ల గొట్టానికి వీపులానించి
ఇరవై ముగ్గురం నిలబడ్డాం.
లోపల బల్ల మీద ఇరవై అయిదు చీటీలు, బోర్లా.
ఒక్కొక్కరే వెళ్లాలి, ఒకటి తీయాలి,
అందులో ఏముంటే అది
రైసా వెనియమీనొవ్నా ఎదుట కూర్చుని నోటితో ఒప్పజెప్పాలి.

నేను ఇరవై చదివాను. అయిదు వదిలేశాను.
నిద్రకి రెండు, బద్ధకానికి రెండు,
పందొమ్మిదోది మాత్రం భయానికి.

"ముందెళ్లు, మంచివి మిగిలుండగానే" అన్నాడు దామిర్.
మడమ కింద అయిదు కోపెక్కుల నాణెం దాచాడు, అదృష్టానికట.
గాల్లోకి ఎగరాల్సిన నాణెం
మేజోడులో చెమటకి తడుస్తోంది.

"ముందైనా వెనకైనా ఒకటే" అన్నాను.
"మొదటివాడికి అయిదింట నాలుగు. చివరివాడికీ అయిదింట నాలుగే.
ఎవరు ఏం తీశారో తెలియనంతవరకూ
వరసకి విలువ లేదు."
మంచు పేరుకున్న కిటికీ మీద గోటితో రుజువు గీశాను.
దామిర్ చదివాడు, తలూపాడు,
నమ్మకుండా అందరికంటే ముందు వెళ్లిపోయాడు.

ఇరవై నిమిషాలకి వచ్చి, "ఏడు" అన్నాడు.
ఏడు నాకొచ్చు. ఒక మంచి చీటీ పోయింది.
అరచేతిలో రాసుకున్నాను:
ఇరవై నాలుగింట పందొమ్మిది.

ఉల్యానా ఏడుస్తూ వచ్చింది. "మూడు."
మూడు నేను చదవలేదు.
ఆమె కన్నీళ్లతో నా భిన్నం పెరిగింది.
భుజం తట్టాను, ఓదారుస్తూనే
రెండో చేత్తో పాత అంకె కొట్టేశాను.

అయిదుగురు వెళ్లేసరికి పదింట తొమ్మిది!
ఆ గంటలో నేను రాజుని.
తిఖోన్ పంచిన దేవదారు గింజలు కొరుకుతూ
రుజువు గీసింది నేనేనన్న సంగతే మరిచిపోయాను.
తర్వాత తలుపు తెరుచుకున్నప్పుడల్లా
నాకొచ్చిన చీటీలే, వరసగా, పదిమంది చేతుల్లో.
పదిహేనో మనిషి బయటికొచ్చేసరికి
మళ్లీ అయిదింట నాలుగు.
పొద్దున్న బయల్దేరిన చోటే.

నాలుగు దాటింది. కిటికీ మీద నా రుజువు
కొత్త మంచు కింద పూడిపోయింది.
నా వెనక ఎవరూ లేరు.
లోపల మూడు మిగిలాయి: నాలుగు, పదకొండు, పందొమ్మిది.
మూడింట రెండు.

మధ్యది తీశాను.

పందొమ్మిది.
"మార్టింగేల్. నిర్వచనం, ఒక ఉదాహరణ."

"చదవలేదండీ."
ఆవిడ కలం కదల్లేదు. "చేతిలో ఏమిటది?"
కాపీ అనుకుంది. గుప్పిట విప్పాను.
కొట్టివేతల మీద కొట్టివేతలు,
అరచేయి చాలక మణికట్టు దాటి చొక్కా చేతిలోకి పాకిన అంకెలు.

"ఎవరివివి?"
"నావే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మార్చుకున్నాను."
"పెరిగేవా, తగ్గేవా?"
"రెండూ."
"ఇదిగో, ఇక్కడ పది మిగిలాయి, ఎనిమిది నీకొచ్చు.
తలుపు ఇంకా తెరుచుకోలేదు.
తర్వాతి అంకె ఎంత ఉంటుందని?"

వేళ్ల మీద లెక్కపెట్టాను.
మంచిది పోతే తొమ్మిదింట ఏడు. అలా పదింట ఎనిమిదిసార్లు.
చెడ్డది పోతే తొమ్మిదింట ఎనిమిది. అలా రెండుసార్లే.
కలిపాను. నమ్మలేక మళ్లీ కలిపాను.

"సగటున... ఇప్పుడున్నంతే."

"ఆ మాట పేరే చీటీ మీదుంది" అంది.
రికార్డు పుస్తకంలో నాలుగు వేసింది.
"అయిదు ఇవ్వను. పొద్దుటినుంచీ చేతిలో పెట్టుకుని
చదవలేదన్నావు."

కుళాయి కింద ఎంత రుద్దినా
మణికట్టు దగ్గర మూడింట రెండు పోలేదు.
దాని మీదికి చేతితొడుగు లాక్కుని
స్టాపుకెళ్తే, దామిర్ కుంటుతూ ఎదురయ్యాడు.
నాణెం మడమ కోసేసిందట. వాడికీ నాలుగే.

ట్రాలీబస్సు ఎంతసేపట్లో వస్తుందన్నాడు.
నేను లెక్క చెప్పలేదు.
ఇద్దరం రోడ్డు చివరికేసి చూస్తూ
కాళ్లు తాటిస్తూ నిలబడ్డాం.