పదకొండుసార్లు చచ్చిన చొక్కా

ఆ బూడిదరంగు చొక్కా నాకు బాగా తెలుసు.
ఎడమ జేబుకి రెండు వేళ్ల పైన
తూటా తగిలే చోటు.
షూటింగవగానే తెచ్చి నా మిషను పక్కన పెట్టి
"మిస్ ఓర్డాజ్, మళ్లీ చచ్చిపోయానండీ" అనేవాడు,
పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా.

లెస్టర్ హస్క్ అన్నది స్టూడియో పెట్టిన పేరు.
లడిస్లావ్ హ్రుష్కా అంటే
టైటిల్ కార్డులో పట్టదన్నారట.
తీరా కత్తిరించాక
సగం బొమ్మల్లో కార్డే వెయ్యలేదు.

యంగ్స్‌టౌన్‌లో, ఉక్కు కొలిమి దగ్గర, పద్నాలుగో ఏట
రవ్వొకటి ఎగిరి కనుబొమని రెండు ముక్కలు చేసింది.
ఆ గాటే తర్వాత అన్నం పెట్టింది.
దాన్ని చూసే దొంగ వేషాలిచ్చారు.
పోలీసు వేషాలూ దాన్ని చూసే.

టెలిగ్రాఫ్ గుమాస్తా. జైలు వార్డరు.
శవం మీద దుప్పటి కప్పి "ఆరు గంటలైంది పోయి" అనే డాక్టరు.
"మీకు ఉత్తరమొచ్చిందండి" అనే హోటలు మనిషి.
ఆ ఒక్క ముక్కనీ రాత్రంతా కూచుని
తొమ్మిది రకాలుగా అనుకుని వచ్చేవాడు.
డైరెక్టరు పదోది అడిగేవాడు.

ఒక బొమ్మలో కత్తెర పడగా పడగా
అతని మోచెయ్యి మిగిలింది.
అమ్మని తీసుకెళ్లి చూపించాడు, అదుగో నాదే అని.
"మీ నాన్న కూడా అలాగే ఆనుకునేవాడురా" అందట ఆవిడ.

గుర్రమంటే హడలు.
ఎక్కేముందు దాని చెవిలో స్లోవాక్‌లో ఏదో చెప్పేవాడు.
క్షమాపణో, బతిమాలుకోవడమో.

బజార్లో జనం ఆపేవాళ్లు.
మిమ్మల్నెక్కడో చూశాను,
ఫ్రెస్నోలో పళ్ల డాక్టరు కదూ?
కాదనేవాడు కాదు.
ఒకావిడ పంటినొప్పి పావుగంట విని
లవంగం పెట్టుకోమన్నాడు.
మొహం తెలుసండీ, పేరే నాలిక మీదుండి రావట్లేదు
అనుకుంటూ వెళ్లిపోయేవాళ్లు అందరూ.

యాభై రెండులో కమిటీ పిలిచింది.
ఏ మీటింగుకెళ్లావు, పక్కనెవరు కూర్చున్నారు, పేర్లు చెప్పు.
మైకు ముందు అంతసేపు అతనికెప్పుడూ దొరకలేదు.
వేసుకున్న కోటు జైలు వార్డరుది,
నేనే ఇస్త్రీ చేసిచ్చాను, స్టూడియోకి తెలీకుండా.
"అయ్యా, నాకు మొహాలే గుర్తుంటాయి.
పేర్లు రావు" అన్నాడట.
వెనక బెంచీలో ఎవరో నవ్వారట.

మర్నాటి నుంచి గేటు కాపలావాడికి
అతని మొహం కూడా తెలీలేదు.

ఐదేళ్లు గ్లెండేల్‌లో బూట్లమ్మాడు,
మోకాళ్ల మీద కూచుని పరాయి పాదాలు కొలుస్తూ.
ఒకసారి వెళ్లాను. ఏడు కాదండీ, మీది ఆరున్నర, అన్నాడు.
మరేం మాట్లాడుకోలేదు.
ఆ బూట్లు కరిచాయి.
అయినా అరిగేదాకా అవే వేసుకున్నాను.

మళ్లీ పిలిచింది టీవీ. మొదటి వేషం శవం.
"ఊపిరి బిగబట్టడం మర్చిపోలేదండీ" అన్నాడు
గర్వంగానే.

అరవై తొమ్మిదిలో, బర్బాంక్‌లో, బస్సు కోసం నిలబడి పోయాడు.
పేపర్లో నాలుగు లైన్లు, పేరులో ఒక అక్షరం తప్పు.
చొక్కా వేలంలో ఎవరి పాలయిందో.

నిద్రపట్టని రాత్రి పాత బొమ్మ ఏదో వేస్తారు.
సారాకొట్టు తలుపు తోసుకుని వస్తాడు.
తూటా ఇంకా హీరో తుపాకీలోనే ఉంటుంది.
నా కళ్లు తిన్నగా జేబు పైకి పోతాయి:
అక్కడ అప్పటికే చిల్లు, మూసిన చిల్లు,
నా దారం బట్ట కంటే ఒక చాయ తక్కువ.
ఆ రోజు ఆ రంగు దొరకలేదు.

అతనికి తెలుసు.
కెమెరా దగ్గరికొస్తుంటే
ఆ పక్క భుజం, కొంచెం, వెనక్కి తిప్పుతాడు.