అద్దం వద్దన్నాడు

ఉరవకొండలో, బస్టాండు వెనక సందులో
నాది పటాలు కట్టే అంగడి.
పెండ్లి ఫోటోలు, పోయినోళ్ళ ఫోటోలు,
పదో తరగతి పాసైన పిల్లల సర్టిఫికెట్లు,
అన్నిటికీ అదే టేకు పట్టీ, అదే అద్దం, అవే మేకులు.

మొన్న ఆరుద్ర కార్తెలో, గాలి తప్ప ఏమీ రాని పూట
తిప్పేరుద్రప్ప వచ్చినాడు,
చంకలో చుట్ట చుట్టిన కాగితం.
తాలూకాఫీసు వెనక వానగిన్నెలో నీళ్ళను
ముప్పై ఒక్క ఏండ్లు కొలిచి రాసినాయన.
ఉగాదైనా పీర్ల పండగైనా
పొద్దున ఎనిమిదిన్నరకు గిన్నె దగ్గర ఉండల్ల.
దావలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న:
"పదునైందా సామీ, విత్తనం ఎయ్యచ్చునా?"

కాగితం బల్ల మీద పరిచినాడు.
ఏదో రంగుల కంపెనీ పాత క్యాలెండరు,
తేదీలు కత్తిరించి పారేసిన పైభాగం.
ఎవరో పరదేశి, వందేండ్ల కిందటోడు
ఒడ్డున నిలబడి గీసిన సముద్రం.

దగ్గరగా చూస్తే సముద్రమే లేదు.
సున్నం కొట్టేటప్పుడు గోడ కింద రాలే తెలుపు,
వంకాయ తొక్క రంగు,
పచ్చి శెనగ్గింజ మీది పలచటి గులాబీ,
అన్నీ అడ్డంగా ఈడ్చిన గీతలు.
రెండడుగులు వెనక్కి వేస్తే
ఒకదాన్నొకటి తోసుకుని నీళ్ళయినాయి.
ఒక పడవ. అది పడవని చెప్పడానికి రెండే గీతలు.
దాని నెత్తిన మోడం.

"సముద్రం చూసినావా పెద్దాయనా?"
"యాడ చూసేది. తుంగభద్ర కాలవే నాకు పెద్ద నీళ్ళు."
కాగితానికి తగలకుండా వేలు ఆడించినాడు.
"సముద్రం కాదప్పా, మోడాన్ని చూడు.
ఈయప్ప నీళ్ళను గీయల్యా, పూటను గీసినాడు.
ఇది పడమటి గాలి, పడవ గుడ్డ ఎట్ల ఉబ్బిందో చూడు.
ఈ మూల వెలుతురు ఇంగో కాలుగంట ఉంటాది,
అంతే.
అది తెలిసే, కింది రంగు ఆరకముందే
పైరంగు పూసినాడు.
ఉరుమితే నేను గిన్నె కాడికి పరుగెత్తినట్టు."

నేను లెక్కలోకి దిగినాను.
పదహారు ఇంటు ఇరవై, అద్దంతో నాలుగొందల ఎనభై.
"అద్దం వద్దు" అన్నాడు.
"ఆషాఢం గాలికి నెలలో మట్టి కొట్టుకపోతాది."
"పోనీ. మోడం పట్టినదానికి అద్దం ఏస్తే
అది పడేదెట్ల?"
ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మెట్టు దిగబోతా ఆగి చెప్పినాడు.
గిన్నె అడుగు తడిసి, కొలగాజులో
మొదటి గీతక్కూడా అందని చినుకు పడితే
రిజిస్టర్లో సున్నా వేయగూడదంట.
ఒక అక్షరం వేయాలంట,
వచ్చిపోయిందని తెలిసేటట్టు.
"సున్నాలు రాసి రాసి చెయ్యి మొద్దుబారింది గానీ
ఆ అక్షరం రాసేటప్పుడే వణికేది.
ఈ పటమంతా ఆ అక్షరమే అబ్బయ్యా.
గీతకొకసారి రాసినాడు."

పట్టీ కోసి, మూలలు కుదిర్చి,
అద్దం లేకుండానే గోడకు తగిలించినాను.
నెల దాటింది, ఆయన రాలేదు.
ఫోను నంబరు రాసుకోవాలని తట్టలేదు నాకు.
పెన్నహోబిలం దిక్కున లేచిన ఎర్రదుమ్ము
అలల మీద కూర్చుంటా ఉంది.
తుడుద్దామని గుడ్డ తీసి, మళ్ళీ పెట్టేసినాను.
సముద్రం కొంచెం మా చేన్ల రంగుకొచ్చింది.
పడవ మాత్రం కదల్లేదు,
ఇంకా ఆ కాలుగంటలోనే ఉంది.

ఈపొద్దు విడపనకల్లు నుంచి ఒకామె వచ్చింది,
మొగుడి దినాలకు ఫోటో కట్టించను.
సైజు చెప్తా చెప్తా గోడ వైపు చూసి ఆగిపోయింది.
అది సముద్రమా అని అడగలేదు,
ఎవరు గీసినారనీ అడగలేదు.
"యాడన్నా, ఈ వాన పడింది?"

అద్దం కోసే వజ్రప్పుల్ల చేతిలో పట్టుకుని
"ఇంగా పడల్యామ్మా" అన్నాను.