రెండో రకం

కొండవాలులో రాళ్ళ మధ్య పదకొండు వరసలు,
అది నల్లరాయి.
కింద బోరు నీళ్ళందే పల్లంలో తొమ్మిదెకరాలు,
అది తూర్పుగాలి.
ఒకటి సీసా పద్దెనిమిది వందల యాభై,
ఒకటి మూడు వందల తొంభై.
పొదిలి బస్సు దిగి నడిచొచ్చే మాకు
ఒకటే తోట, ఒకటే గేటు,
పోయేటప్పుడు సంచీ తడిమి చూసే ఒకటే వాచ్‌మన్.

నాకు రకాలు తెలుసు.
టంగుటూరులో పదహారేళ్ళు పొగాకు గ్రేడింగు చేశాను.
పసుపు, నారింజ, మాడింది, పచ్చిబారింది,
కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పేదాన్ని.
దగ్గు మాత్రం కళ్ళు తెరిచినా ఆగేది కాదు.
వేలంలో మా బేలు ముందు
కొనేవాడు రెండు సెకన్లు నిలబడేవాడు.
ఆ రెండు సెకన్లకి మాకు మూడు నెలలు పట్టేది.

ఇక్కడ ఫిబ్రవరిలో కోత.
తెల్లారుజామున నాలుగింటికి తలకి లైటు కట్టుకుని కోస్తే
ఎండ పడేలోపు కొండ గుత్తులన్నీ బల్ల మీదికి రావాలి.
బల్లకి ఆ పక్క మాలకొండమ్మ, ఈ పక్క నేను.
ముడుచుకున్న కాయ, పగిలిన కాయ, పిట్ట కొట్టిన కాయ,
ఒకవైపే రంగు తిరిగిన గుత్తి
ఎడమ బుట్టలోకి.
కుడి బుట్ట కొయ్య పీపాల్లోకి పోతుంది.
చీకటి గదిలో ఏడాదిన్నర, బాలింతలా,
ఎవరూ తలుపు గట్టిగా వెయ్యకూడదు.
ఎడమ బుట్ట పల్లం కాయతో కలిసి స్టీలు ట్యాంకులోకి.
నాలుగు నెలలకి లారీ ఎక్కుతుంది.

సీసాలకెత్తిన రోజు
పెంచలయ్య మాకూ పోశాడు,
టీ తాగే కాగితం గ్లాసుల్లో, అడుగున వేలెడు.
సార్లకి గాజు గ్లాసులు, మధ్యమధ్య మంచినీళ్ళు,
ఉమ్మెయ్యడానికి ఓ బకెట్టు.
"ఉమ్మెయ్యడానికా!" అంది మాలకొండమ్మ.

అబద్ధమెందుకు, నల్లరాయే గొప్ప.
మింగినా పోలేదు.
ముందు నేరేడు పండు,
తర్వాత పాకం మాడబోయే ముందు బెల్లం వాసన,
ఆ తర్వాత, చెప్తే నవ్వుతారు,
బేరన్ తలుపు తీస్తే మొహాన కొట్టే ఆ వేడి.
"పొగాకు ఛాయ ఉంది, అద్భుతం" అన్నాడు సారు.
దేన్నించి నేను పారిపోయొచ్చానో
దాన్ని ముక్కుపెట్టి వెతుక్కుంటున్నాడు.

తూర్పుగాలి అట్టా కాదు.
నోట్లో నిలబడదు,
చివరి బస్సు పోతుందేమో అన్నట్టు తొందర.
పులుపు. కొసన కొంచెం వగరు.
ఆ వగరు నాకు తెలుసు.
ఒకవైపే పండిన గుత్తులవి,
పిట్ట నాకంటే ముందు రుచి చూసిన కాయలవి.
వద్దని నేను పక్కకి తీసిందంతా
గ్లాసులో కూర్చుని నన్ను చూస్తోంది.
ఇంకో గుక్క అడిగాను.
పెంచలయ్య నల్లరాయి సీసా అందుకోబోయాడు.
"కాదబ్బాయా, ఇదే."

లేబుల్ వంకరపోయిన సీసాలు
పనోళ్ళకి వందకిస్తారు.
ఒకటి ఇంటికి తెచ్చాను.
ఎండు నెత్తళ్ళు వేయించి, ఉల్లిపాయ కోసి, వాకిట్లో కూర్చున్నాం.
మా ఆయన ఒక గుక్క తాగి, కల్లే నయం అని,
సగం సీసా ఆయనే తాగాడు.
నెత్తళ్ళ పక్కన నల్లరాయి ఉంటే
ఏం మాట్లాడాలో తెలిసేది కాదు మాకు.
ఖాళీ సీసాలో ఇప్పుడు దోస విత్తనాలున్నాయి.

ఈ ఏడు కోతలో
ఒక గుత్తి దగ్గర చెయ్యి ఆగింది.
మంచిదే. ఒక్క కాయ మీద చిన్న గంటు.
కుడికా, ఎడమకా.
వెనక గుత్తులు పేరుకుంటున్నాయి.
"ఏందే, నిద్రొస్తందా?" అంటోంది మాలకొండమ్మ.
కొండ మీద అప్పుడే ఎండ దిగుతోంది.